యుద్ధం నడుమ ఇల్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

యుద్ధం జరుగుతున్న చోట మామూలు మనుషులకు రోజు ఎలా గడుస్తుంది, ప్రాణం కాపాడుకోవడానికి ఏం చేస్తారు అని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటిని ఈసారి తీసుకున్నాం. ప్రథమ చికిత్స, నీటి సరఫరా, మందుపాతరల తొలగింపు, తప్పిపోయినవారి ఆచూకీ వంటి పనుల్లో ఉన్నవారు జవాబులు రాశారు. ఎవరు గెలుస్తారు, ఏ క్షిపణి గొప్పది అని అడిగినవారూ చాలామందే ఉన్నారు. ఆ ముచ్చటకు టీవీ ఛానెళ్లు చాలు.

ప్ర: మా అబ్బాయి చదువుకుంటున్న నగరం మీద దాడులు జరుగుతున్నాయి. ఉండేది ఏడో అంతస్తులో. సైరన్ మోగాక కిందికి దిగే వ్యవధి దొరకడం లేదంటున్నాడు. ఇంట్లోనే ఎక్కడ ఉంటే నయం?

జ: వ్యవధి ఉన్నప్పుడు సెల్లారే మేలు, అందులో రెండో మాట లేదు. లేనప్పుడు ‘రెండు గోడల’ లెక్క పాటించమనండి. 2022 నుంచి ఉక్రెయిన్‌లో పిల్లలకు కూడా తెలిసిన లెక్క ఇది. మనిషికీ వీధికీ మధ్య కనీసం రెండు గోడలుండాలి. పేలుడు దెబ్బను మొదటి గోడ తీసుకుంటుంది. దాని పెచ్చులను, కిటికీ గాజును, లోపలికి దూసుకొచ్చే ఇనుప తునకలను రెండోది ఆపుతుంది. మామూలు ఫ్లాట్‌లో ఇలాంటి చోటు ఒక్కటే ఉంటుంది, అది గదుల మధ్య నడవా. గదుల తలుపులన్నీ మూసేసి, నడవాలో నేల మీద, కిటికీలకు సూటిగా లేని మూలన కూర్చోవాలి. పైన అటక మీద సామాను, గోడకు వేలాడే అద్దం, గాజు తలుపుల బీరువా ఉంటే ముందే తీసేయాలి.

బాత్‌రూమ్ లోపలివైపు ఉంది కదా, అక్కడ కూర్చుంటే చాలు అనుకునేవాళ్లు ఎక్కువ. గోడలు నిలిచినా టైల్సు, అద్దం, పింగాణీ సింకు ముక్కలై మీద పడతాయి. వేరే చోటు లేకపోతేనే అక్కడికి వెళ్లాలి. మెట్లదారినీ నమ్ముకోకూడదు, భవనం కదిలితే మెట్ల వరసలు త్వరగా విరిగి పడతాయి. లిఫ్టు ఊసే వద్దు. కరెంటు పోతే మనిషి మధ్యలో ఇరుక్కుపోతాడు.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. పెద్ద క్షిపణి సూటిగా ఆ ఇంటికే తగిలితే రెండు గోడలు కాదు, నాలుగున్నా ఆగదు. పక్క వీధిలో, ఎదురు భవనంలో పడినప్పుడు మాత్రం నడవాలో ఉన్నవాడికీ కిటికీ పక్క మంచం మీద పడుకున్నవాడికీ చాలా తేడా ఉంటుంది.

రాత్రికి ఒక పని తప్పక చేయమనండి. మంచం పక్కన చెప్పులు కాదు, మందపాటి అడుగున్న బూట్లు, బోర్లించి పెట్టుకోవాలి. వెల్లకిలా పెడితే పగిలిన గాజు వాటిలోనే పడుతుంది. చీకట్లో తొందరగా కాలు దూర్చగానే అరికాలు చీరుకుపోతుంది. అలాంటి మనిషి ఏడు అంతస్తులు దిగలేడు.

సెల్లార్‌కు చేరగలిగిన రోజున చూసుకోవాల్సినవి: బయటికి రెండు దారులున్నాయా, తలమీదుగా గ్యాస్ గొట్టంగానీ వేడినీటి గొట్టంగానీ పోతోందా, తలుపు ఇరుక్కుపోతే తీయడానికి గడ్డపార ఉందా. ఈల ఒకటి మెడలో ఉండాలి. శిథిలాల కింద అరిచి గొంతు పోగొట్టుకోవడంకన్నా ఈల వేయడం, గొట్టం మీద రాయితో కొట్టడం మంచిది. ఆ చప్పుడు దూరం వెళ్తుంది, దుమ్ము నోట్లోకి పోదు.

ప్ర: కిటికీ అద్దాలకు ఇంటూ గుర్తులా టేపు అంటిస్తున్న ఫొటోలు చూశాం. అది నిజంగా పనిచేస్తుందా?

జ: టేపు అద్దానికి బలమివ్వదు. ముక్కలు కొంత పెద్దవిగా, గుత్తులుగా ఊడిపడతాయి, అంతే. పెద్ద ముక్క లోతుగా కోస్తుంది కూడా. అద్దం మొత్తం పరుచుకునే భద్రతా ఫిల్మ్ మెరుగు, దాన్నీ అంచుల దాకా, ఫ్రేముకు పట్టేలా అంటించాలి. ఏది అంటించినా మంచాన్ని కిటికీకి దూరంగా జరపడం, మందపాటి కర్టెన్ పూర్తిగా దించి ఉంచడం ముఖ్యం. వీటికి ఖర్చు లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరనిపిస్తుంది.

ప్ర: దూరంగా పేలుడు కనిపిస్తే జనం కిటికీ దగ్గరికొచ్చి వీడియో తీస్తుంటారు. దూరమే కదా, ప్రమాదమా?

జ: ప్రమాదమే. వెలుగు కంటికి వెంటనే చేరుతుంది, గాలి దెబ్బకు సమయం పడుతుంది. ధ్వని కిలోమీటరు దాటడానికి దాదాపు 3 సెకన్లు తీసుకుంటుంది. పెద్ద పేలుడు దెబ్బ దగ్గర్లో అంతకన్నా వేగంగా వస్తుంది. మెరుపు చూసి, ఏమైందో అని కిటికీ దగ్గరికొచ్చి ముఖం ఆనించేసరికి సరిగ్గా అప్పుడే అద్దం పగిలి కళ్లలో పడుతుంది.

1917 డిసెంబరు 6న కెనడాలోని హాలిఫాక్స్ రేవులో మందుగుండు ఓడ తగలబడుతుంటే ఊరంతా కిటికీల దగ్గర నిలబడి చూసింది. ఓడ పేలాక ఆసుపత్రులకు చేరినవారిలో కళ్లు పోయినవారు వందల్లో ఉన్నారు. 2020 ఆగస్టు 4న లెబనాన్ రాజధాని బేరూత్ రేవులోనూ మొదట పొగ, చిన్న పేలుడు, ఫోన్లు పట్టుకుని బాల్కనీల్లో జనం, ఆ తర్వాత అసలు పేలుడు. రెంటికీ మధ్య నూరేళ్లు గడిచినా కిటికీ దగ్గర మనిషి మారలేదు.

వెలుగు కనిపించగానే చేయాల్సింది వెనక్కి తిరిగి నేల మీద పడిపోవడం. ముఖం కిందికి, చేతులు తల మీదికి, నోరు కాస్త తెరిచి. లేచాక కూడా ఘటన జరిగిన చోటికి పరుగెత్తకూడదు. గుమిగూడిన జనం మీద, రక్షణ సిబ్బంది మీద అదే చోట రెండోసారి కొట్టిన సందర్భాలు ఈ మధ్య యుద్ధాల్లో ఎన్నో ఉన్నాయి.

ప్ర: ముట్టడిలో చిక్కుకున్న ఊళ్లలో తిండికన్నా నీళ్లకే ఎక్కువ కష్టమని చదివాను. ఇంట్లో ఎన్ని నీళ్లు నిల్వ పెట్టాలి, శుభ్రం ఎలా చేయాలి?

జ: కష్టం నీళ్లు లేకపోవడం ఒక్కటే కాదు, నీళ్ల కోసం బయటికి వెళ్లాల్సి రావడం. బోస్నియా రాజధాని సరయేవో ముట్టడిలో 1992 మేలో రొట్టె కోసం వరసలో నిలబడ్డవారి మీద, 1993 జులైలో దోబ్రీన్యా పేటలో నీళ్ల కోసం నిలబడ్డవారి మీద ఫిరంగి షెల్స్ పడ్డాయి. అందుకే ఇంట్లో ఉన్న ప్రతి బిందె ఒక ప్రయాణాన్ని తప్పిస్తుందని లెక్కేసుకోవాలి.

తాగడానికి, తిండిలోకి కలిపి మనిషికి రోజుకు 2.5 నుంచి 3 లీటర్లు. నలుగురున్న ఇంటికి వారానికి 84 లీటర్లు. వంట, చేతులు కడుక్కోవడం, కాస్త ఒళ్లు తుడుచుకోవడం కలిపితే మనిషికి రోజుకు 7.5 నుంచి 15 లీటర్ల దాకా పోతాయి. తాగే నీళ్లను మూతలున్న పాత్రల్లో విడిగా ఉంచాలి. కడుగు నీళ్లు, వాడిన నీళ్లు ఇంకో బకెట్లో. టాయిలెట్‌కు తాగే నీళ్లు పోయడం మొదటి వారంలో అందరూ చేసే దుబారా. బకెట్‌లో రెండు సంచులు ఒకదానిలో ఒకటి పరిచి, వాడిన ప్రతిసారీ బూడిదో రంపపు పొట్టో చల్లితే నీటి చుక్క అక్కర్లేదు. గీజర్ ట్యాంకులో ఉన్న నీళ్లను చాలామంది మర్చిపోతారు. కరెంటు స్విచ్ ఆపి, చల్లారాక కింది వాల్వు నుంచి పట్టుకోవచ్చు.

శుభ్రం చేయడానికి మరిగించడం అన్నిటికన్నా నమ్మకం. బుడగలు బాగా ఎగిసేలా ఒక నిమిషం, 2,000 మీటర్లకు పైన ఉన్న ఊళ్లలో 3 నిమిషాలు. గ్యాస్ లేనప్పుడు బట్టల బ్లీచు వాడొచ్చు, కానీ సువాసన, రంగు, సబ్బు కలవనిదై ఉండాలి. 5, 6 శాతం గాఢతది అయితే తేట నీటికి లీటరుకు 2 చుక్కలు, డ్రాపర్‌తో. కలిపి 30 నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత వాసన చూస్తే క్లోరిన్ లీలగా తెలియాలి. తెలియకపోతే మళ్లీ అంతే వేసి ఇంకో 15 నిమిషాలు ఆగాలి. నీళ్లు మడ్డిగా ఉంటే ముందు బట్టను నాలుగు మడతలేసి వడకట్టి, 4 చుక్కలు వేయాలి. ఇక్కడ పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, మడ్డి నీళ్లలోనే బ్లీచు వేసేస్తారు. క్లోరిన్ మట్టినీ కుళ్లునూ పట్టుకోవడానికే ఖర్చయిపోయి క్రిములకు మిగలదు. ఏళ్ల తరబడి ఇంట్లో పడున్న బ్లీచు కూడా పలచబడిపోయి ఉంటుంది.

ఏదీ లేకపోతే ఎండ ఉంది. 2 లీటర్ల లోపు పారదర్శక ప్లాస్టిక్ సీసాలో తేట నీళ్లు నింపి పడుకోబెట్టి నిండు ఎండలో 6 గంటలు, మబ్బు పడితే వరసగా 2 రోజులు ఉంచాలి. డీజిల్, రసాయనాలు కలిసిన నీళ్లకు ఈ మూడింటిలో ఏదీ పనికిరాదు.

ప్ర: ఇనుప తునక తగిలి కాలి నుంచి రక్తం కారిపోతుంటే అంబులెన్సు వచ్చేదాకా మామూలు మనిషి ఏం చేయగలడు? బెల్టు బిగించాలంటారు, నిజమేనా?

జ: బెల్టు సినిమాల్లోనే పనిచేస్తుంది. అది గట్టిగా ఉండి చర్మాన్ని పట్టుకోదు, చేత్తో లాగినంత మాత్రాన తొడలోని ధమని మూసుకోదు. సగం బిగిస్తే ఇంకా కీడు. సిరలు మూసుకుని, లోతున ఉన్న ధమని తెరిచే ఉంటుంది. కాలిలోకి రక్తం వస్తూనే ఉంటుంది, వెనక్కి పోలేక గాయంలోంచి మరింత కారుతుంది.

మొదట చూడాల్సింది రక్తం చిమ్ముతోందా, నేల మీద మడుగు కడుతోందా, బట్ట తడిసి ముద్దవుతోందా అని. చేతికీ కాలికీ ఇలా అయితే టోర్నికెట్, అంటే బిగించి రక్తాన్ని ఆపే పట్టీ, కట్టాలి. గాయానికి పైన, గుండెవైపు, 5 నుంచి 7 సెంటీమీటర్ల ఎడంలో. మోకాలు, మోచేయి కీళ్ల మీద కాదు. బట్టల కింద గాయం ఎక్కడుందో తెలియకపోతే తొడ లేదా భుజం మొదట్లో కట్టేయాలి. జేబులో తాళాలు, ఫోను ఉంటే ముందు తీసేయాలి, లేకపోతే పట్టీ వాటి మీద ఆగిపోతుంది.

తయారు పట్టీ లేకపోతే 4, 5 సెంటీమీటర్ల వెడల్పుకు తక్కువ కాకుండా బట్టను మడవాలి. షూ లేసు, వైరు లాంటివి కండను కోస్తాయి గానీ ధమనిని నొక్కవు. ఒక ముడి వేసి, దాని మీద జానెడు పొడవు గట్టి కర్రో ఇనుప పానానో పెట్టి, పైన ఇంకో ముడి వేసి, రక్తం ఆగేదాకా కర్రను తిప్పాలి. పెన్సిల్ విరుగుతుంది, చెంచా కాడ వంగిపోతుంది. తిప్పిన కర్ర వెనక్కి తిరగకుండా కట్టేయాలి. గాయపడ్డవాడు నొప్పికి కేకలు పెడతాడు. పెట్టాడని వదులు చేయకూడదు, సరిగ్గా కట్టిన పట్టీకి ఆ నొప్పి తప్పదు. ఆగకపోతే మొదటిదానికి పైన రెండోది కట్టాలి. కట్టిన సమయం పట్టీ మీదో నుదుటి మీదో పెన్నుతో రాయాలి.

పాత ప్రథమ చికిత్స పాఠాల్లో పావుగంటకోసారి పట్టీ వదులు చేయమని ఉండేది. ఇప్పుడది తప్పు. వదిలిన ప్రతిసారీ కట్టుకున్న గడ్డ కరిగి మనిషి విడతలు విడతలుగా చనిపోతాడు. సుమారు 2 గంటల దాకా కాలికి పెద్ద ముప్పుండదు. ఆ తర్వాత ఏం చేయాలో డాక్టర్లే తేల్చాలి.

గజ్జల్లో, చంకలో, మెడ మొదట్లో పట్టీ కుదరదు. శుభ్రమైన బట్టను వేలితో గాయం అడుగుదాకా కూరి, పైన రెండు అరచేతులూ పెట్టి, మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా వేసి నొక్కాలి. గడియారం చూసుకుని 10 నిమిషాలు. మధ్యలో ఎత్తి చూడొద్దు. రొమ్ములోకి, పొట్టలోకి మాత్రం ఏదీ కూరకూడదు. దిగబడిన తునకను లాగొద్దు, రక్తనాళానికి బిరడా అదే కావచ్చు. తర్వాత దుప్పటి కప్పాలి. ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టడం తగ్గిపోతుంది.

ప్ర: సెల్లార్‌లో చలికి బొగ్గుల కుంపటి, లైట్లకు చిన్న జనరేటర్ పెట్టుకోవచ్చా?

జ: రెండూ వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. బాంబు తప్పించుకున్న కుటుంబం మొత్తం దీనికి బలయ్యే ప్రమాదం ఉంది. జనరేటర్ ఆరుబయట, కిటికీలకూ గాలి కన్నాలకూ కనీసం 6 మీటర్ల దూరంలో, పొగగొట్టం అవతలికి తిరిగి ఉండాలి. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, నిద్రమత్తు వస్తే అది భయం వల్ల అనుకోకుండా అందరూ గాలిలోకి వచ్చేయాలి.

ప్ర: మా తమ్ముడు పనిచేస్తున్న ఊరు చేతులు మారింది. ఫోన్లో మాటలు ఆగిపోయి నెలలైంది. ఎవరిని అడగాలి?

జ: మీ దేశపు రెడ్‌క్రాస్ లేదా రెడ్ క్రెసెంట్ సంఘాన్ని. ఆచూకీ వెతికే విభాగం అక్కడ ఉంటుంది, రుసుము ఉండదు. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ ఈ పనిని 1870 ఫ్రాన్స్, ప్రష్యా యుద్ధకాలం నుంచి చేస్తోంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జెనీవా కార్యాలయంలో ఖైదీల కోసం దాదాపు 70 లక్షల కార్డులు రాశారు.

అర్జీలో పూర్తి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, చివరిగా ఎక్కడ ఏ తేదీన మాట్లాడారు, ఎవరితో ఉన్నాడు అన్నవి రాయండి. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉంది, ఇంట్లో ఏమని పిలుస్తారు, ఇంటిపేరు ముందు వస్తుందా వెనక వస్తుందా అన్నది కచ్చితంగా చెప్పండి. మన పేర్ల విషయంలో ఒకే మనిషికి రెండు ఫైళ్లు తెరుచుకునేది ఇక్కడే. వయసు ‘సుమారు ముప్పై’ అని రాస్తే వెతకడం కష్టం.

చిరునామా దొరికితే రెడ్‌క్రాస్ సందేశం పంపొచ్చు. అది విప్పి ఉన్న ఉత్తరం, రెండు పక్షాలూ చదవొచ్చు. కుటుంబ క్షేమం తప్ప ఇంకేదీ రాయకూడదు. సైన్యం, రాజకీయం, ‘మీ ఊరి పరిస్థితి ఎలా ఉంది’ అన్న మాట కూడా వద్దు. 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం 25వ అధికరణం చదివితే ఈ ఉత్తరాల విలువ తెలుస్తుంది. పక్షాలు ఎంత కట్టడి చేయదలచుకున్నా నెలకు ఒక పత్రం, అందులో మనిషి తన ఇష్టంగా రాసుకునే 25 మాటలు, ఇంతకన్నా తగ్గించకూడదని అందులో ఉంది. ఆ 25 మాటల్లో క్షేమం అడగడానికే మూడు నాలుగు పోతాయి. కాబట్టి అమ్మ ఎలా ఉంది, జవాబు ఏ చిరునామాకు రాయాలి అన్నవి ముందు పెట్టండి.

ఫొటోతో పాటు ఫోన్ నంబరు సోషల్ మీడియాలో పెట్టొద్దు. ‘మా దగ్గరున్నాడు, డబ్బు పంపితే వదిలేస్తాం’ అనే మోసగాళ్ల ఫోన్లే ముందు వస్తాయి.

ప్ర: యుద్ధం ఆగాక ఇళ్లకు తిరిగి వెళ్లేవారు దేన్ని చూసుకోవాలి?

జ: దారిని. లావోస్ మీద 1964 నుంచి 1973 దాకా 27 కోట్లకు పైగా క్లస్టర్ బాంబులు, అంటే ఒక పెద్ద బాంబు విప్పుకుని వెదజల్లే చిన్న బాంబులు, పడ్డాయని, 30 శాతం దాకా పేలలేదని అంచనా. పొలాల్లో ఇప్పటికీ బయటపడుతున్నాయి. బోస్నియాలో 2014 మే వరదలకు కొండచరియలు జారి, మందుపాతరలు గుర్తులు పెట్టిన చోటు నుంచి కొట్టుకుపోయాయి. అంటే శుభ్రమైందన్న పొలం కూడా వరద తర్వాత మళ్లీ పరీక్షించాల్సిందే.

ఎవరూ నడవని దారి, గడ్డి ఏపుగా పెరిగిన కాలిబాట, పంట కోయకుండా వదిలేసిన ఒక్క మడి కనిపిస్తే అనుమానించండి. దాని గురించి పక్కవాళ్లకు తెలిసే ఉంటుంది, అడగండి. సీతాకోకచిలుక రెక్కల ఆకారంలో అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ ముక్కలు పిల్లలకు బొమ్మల్లా కనిపిస్తాయి. ఆ మందుపాతరలో ఉండేది 37 గ్రాముల పేలుడు పదార్థమే, పాదం ఎగిరిపోవడానికి అది చాలు. ఏదైనా కనిపిస్తే తాకొద్దు, రాయి విసరొద్దు, కాల్చొద్దు. వచ్చిన అడుగుల మీదే వెనక్కి వెళ్లి, దూరం వచ్చాకే ఫోన్ చేయాలి. ఇంట్లోకి వెళ్లేటప్పుడు సగం తెరిచిన తలుపు, కొత్తగా కనిపించే వైరు, ఎత్తి చూడాలనిపించే వస్తువు ఉంటే గడప దగ్గరే ఆగిపోవాలి.

ప్ర: యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చిన బంధువుల పాప ఆరేళ్లకు మళ్లీ పక్క తడుపుతోంది, రోజూ బాంబులాటే ఆడుతోంది. జరిగినవన్నీ చెప్పించేస్తే మనసు తేలికపడుతుందా?

జ: బలవంతంగా చెప్పించొద్దు. ఒక్కసారి కూర్చోబెట్టి అంతా కక్కించడం వల్ల మేలు జరగదని, కొందరికి కీడేనని తేలాక ఆ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటోంది. ఆడుకోనివ్వండి. ఆటలో చివరికి అంబులెన్సు వస్తోందా, ఎవరైనా బతుకుతున్నారా అన్నది గమనించండి. నిద్రకు, భోజనానికి రోజూ ఒకే వేళ ఉంచండి. టపాకాయలు కాల్చబోతుంటే ముందుగా చెప్పండి. పక్క తడిపినందుకు తిట్టకుండా, ఎగతాళి చేయకుండా దుప్పటి మార్చేయండి. నెల దాటినా తగ్గకపోతే, తిండి, మాట తగ్గిపోతే పిల్లల మానసిక వైద్యులకు చూపించండి.

ప్ర: యుద్ధం జరుగుతున్న చోట ఉన్న మా చెల్లెలు డైరీ రాయాలనుకుంటోంది. ఏం రాయాలి, ఏం రాయకూడదు?

జ: భావాలు రాయమని అందరూ చెబుతారు. తేదీ, గంట, ధర రాయమని మేం చెబుతాం. రెండో ప్రపంచ యుద్ధంలో రష్యాలోని లెనిన్‌గ్రాద్ నగరం ముట్టడిలో 1941 నవంబరు, డిసెంబరుల్లో ఉద్యోగం లేనివారికి, పిల్లలకు రోజుకు 125 గ్రాముల రొట్టె ఇచ్చారు. అదీ పొట్టు కలిపింది. ఆ అంకె చదివాక ఆకలి గురించి ఇంకో వాక్యం అక్కర్లేదు. తాన్యా సవిచెవా అనే పదకొండేళ్ల పాప అక్కడే ఒక చిన్న నోట్‌బుక్‌లో ఇంట్లో ఎవరు ఏ తేదీన, ఏ వేళ పోయారో మాత్రమే రాసింది. మొత్తం తొమ్మిది పుటలు.

కరెంటు ఎన్ని గంటలు వచ్చింది, వరసలో ఎంతసేపు నిలబడింది, ఏ చప్పుడుకు ఎవరు ఏమన్నారు, ఇవన్నీ రాసుకోమనండి. కళ్లారా చూసింది ఒకవైపు, విన్నది ఇంకోవైపు రాయాలి. పుకారును కూడా పుకారుగానే రాయొచ్చు, ఆ రోజు జనం ఏం నమ్మారో దాంట్లో ఉంటుంది. సైనికులు ఎక్కడున్నారు, ఏ భవనానికి దెబ్బ తగిలింది, ఎవరు ఎవరికి సాయం చేశారు అన్నవి మాత్రం రాయకూడదు. తనిఖీలో ఆ పుస్తకం దొరికితే చిక్కుల్లో పడేది ఆమె ఒక్కతే కాదు. పక్కింటివాళ్లకు పొడి అక్షరాలు కాకుండా అసలు సంబంధం లేని పేర్లు పెట్టాలి.

కాగితం మీద, పెన్సిల్‌తో. బాల్ పెన్ను గడ్డకట్టే చలిలో మొరాయిస్తుంది, సిరా తడికి అలుక్కుపోతుంది. పుస్తకాన్ని జిప్ కవర్లో పెట్టి, సర్టిఫికెట్లు, రెండు వారాల మందులు ఉన్న సంచిలోనే ఉంచాలి. ఫోన్‌లో ఫొటో తీసి దాచుకుంటే ముందు కెమెరాలో లొకేషన్ ఆపేయాలి. లేకపోతే ప్రతి ఫొటో వెనకా ఆ ఇల్లు ఎక్కడుందో నమోదై ఉంటుంది.